మన నల్లమలలో సంచి జంతువు ఒక్కటీ ఎందుకు లేదు?

అచ్చంపేట_అన్న:
ఏడో తరగతి చదివే మా బిడ్డ అడిగింది, నాకు చెప్పరాలే. కంగారూ, కోలా, ఓంబాట్ అన్నీ ఆస్ట్రేలియాలనే ఎందుకున్నయి? మన అడవిల పులి ఉంది, ఎలుగుబంటి ఉంది, అలుగు ఉంది. సంచిల పిల్లను మోసేది మాత్రం ఒక్కటీ లేదు. సంచి జంతువులు తక్కువ రకమని, పోటీ లేని చోటనే బతికినయని ఎక్కడనో చదివిన. నిజమేనా?

పాలమూరు_జువాలజీ:
అన్నా, ముందు దారి సంగతి. ఇవి ఆస్ట్రేలియాలో పుట్టినవి కావు. దక్షిణ అమెరికా నుంచి అంటార్కిటికా మీదుగా నడిచి పోయినయి. అప్పుడు ఆ మూడూ అతుక్కొని ఉండె, అంటార్కిటికాలో మంచు కాదు, అడవి. అక్కడి సీమోర్ దీవిలో 1982లో వీటి శిలాజాలు దొరికినయి. క్వీన్స్‌లాండ్‌లోని ముర్గన్‌లో దొరికినవి సుమారు 5.5 కోట్ల ఏండ్లవి. చిలీ అడవుల్లో ఇప్పటికీ ఉన్న మోనితో దెల్ మోంతె అనే చిన్న సంచి జంతువు తన పక్కనుండే అమెరికా సంచి జంతువులైన ఒపోసమ్‌ల కన్నా కంగారూకే దగ్గరి చుట్టం. మన భారత భూభాగం అంటార్కిటికాను వదిలి 12 కోట్ల ఏండ్లు దాటింది. ఇవి అక్కడికి చేరేసరికి చివరి బస్సు పోయింది.

ఇక "తక్కువ రకం". క్లాసులో ఈ మాట వింటే నాకు మండుతది. ఎర్ర కంగారూ గర్భం 33 రోజులే, పిల్ల ఒక గ్రాము కూడా తూగదు. అది తల్లి బొచ్చు పట్టుకొని తనంతట తనే సంచిలోకి పాకుతది. ఒకటి సంచిలో ఉండంగనే ఇంకో పిండం గర్భంలో ఎదగకుండ ఆగి ఉంటది. కరువొచ్చి పాలు ఎండి సంచిలోని పిల్ల పోతే, ఆగినది మొదలైతది. నెలల తరబడి కడుపులో మోసే జంతువుకు ఆ వీలెక్కడిది? ఎండిన నేలకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకైతే కనబడలే.

నల్లమల_బాట:
సార్, మరి థైలసీన్? అదీ సంచి జంతువే, కుక్క లెక్కనే ఉండె గదా, డింగో అనే అడవి కుక్క రాంగనే ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంల లేకుండ పోయింది.

పాలమూరు_జువాలజీ:
తమ్మీ, అక్కడ డింగోతో పాటు మనుషులు, వాతావరణం కూడా కారణమని వాదన నడుస్తనే ఉంది. డింగో చేరని టాస్మేనియా దీవిలో మాత్రం థైలసీన్ తలకు వెల కట్టింది సర్కారే. 1888 నుంచి 1909 దాకా రెండు వేలకు పైగా బహుమతులు ఇచ్చిండ్రు. చివరిది 1936లో హోబర్ట్ జూలో చచ్చింది. దాన్ని పోటీ అనొద్దు. పోటీయే చూడాలంటే అమెరికా చూడు. దాదాపు 30 లక్షల ఏండ్ల కింద పనామా దగ్గర నేల కలిసినంక దక్షిణం నుంచి ఎక్కిన ఒపోసమ్ ఇయ్యాల కెనడా దాకా ఉంది, అన్నీ మాయ (పిండానికి కడుపులోనే తిండి అందించే పొర) ద్వారా పిల్లను నెలల తరబడి మోసే జంతువుల నడుమనే.

పరిగి_రాయి:
భారత్ కూడ కోట్ల ఏండ్లు సముద్రంల ఒంటరిగ తేలిన ఖండమే అన్నా. దాని సొంత క్షీరదాలు మా పక్క నస్కల్‌ల దొరికినయి, లావా పొరల నడుమ మట్టిల. డెక్కనోలెస్టెస్ గురించి 1988ల నేచర్ పత్రికల వచ్చింది. ఎలుకంత ఉండేది, చెట్లెక్కేదని దాని మడమ ఎముకలు చెప్తున్నయి. ఇంకోటి భారత్‌థీరియం. దాని చుట్టాలు మడగాస్కర్‌ల, అర్జెంటీనాల దొరికినయి, ఆ వంశంల ఇప్పుడు ఒక్కటీ బతికి లేదు. బిడ్డను తీస్కొస్తే రాళ్లు చూపిస్త గని, శిలాజం కండ్లకు ఆనదు. డెక్కనోలెస్టెస్ పండ్లు నువ్వుగింజ కన్నా చిన్నయి, మట్టిని జల్లెడ పట్టి మైక్రోస్కోప్ కింద ఏరాలె.

అచ్చంపేట_అన్న:
ఆదివారం వస్తం. టోపీలు, నీళ్లు కాక ఇంకేం తేవాలె?