టైమింగ్ 'పెట్టడమా', 'కలపడమా', 'రీసెట్' చేయడమా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మా గజపతి జిల్లాలోనూ, పక్కన రాయగడలోనూ ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతున్న తెలుగింటి పిల్లల కోసం కొన్ని పాఠాలు తెలుగులో రాస్తున్నాను. వాళ్ళ బడి చదువు ఒడియాలో జరిగింది, ట్రేడు పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఇంట్లోనూ షెడ్డులోనూ మాట్లాడేది తెలుగు. అందుకే శీర్షిక దగ్గర్నుంచీ చిక్కే.

ఇప్పుడు ఆగింది ఇక్కడ: టైమింగ్ చైన్ అరిగిపోయి కొత్తది వేశాక ఇంజిన్ టైమింగ్ మళ్ళీ సరిగ్గా తేవాలి కదా, అంటే వాల్వులు సరైన వేళకే తెరుచుకుని మూసుకునేలా చూడాలి, ఆ పనికి పేరేమిటి? ఇంగ్లీషు పుస్తకంలో 'రీసెట్' అని ఉంది. ఒక మిత్రుడు 'సమయ పునఃస్థాపన' అని పంపాడు. చదివితే ఏదో గుడిలో విగ్రహం సంగతిలా ఉంది. షెడ్లలో ఒకరు 'పెట్టడం' అంటారు, ఒకరు 'కలపడం' అంటారు, కుర్రాళ్ళు 'సెట్ చేయడం' అంటారు. మూడూ ఒకటేనా? మీ ఊళ్ళో ఏమంటారో చెప్పండి.

గుణుపురం నుంచి, తెలుగు మాస్టారు

బాబూ, మనకి 'అదను' అని బంగారం లాంటి మాట ఉంది. రైతు అదను, పదును చూసుకుని విత్తనం వేస్తాడు. సరైన వేళ ఒకటి, నేలలో సరైన తడి ఒకటి. వాల్వు తెరవడానికి, మూయడానికి కూడా సరైన వేళ ఉంటుందని మీరే అంటున్నారు. 'అదను కుదర్చడం' అనకూడదా? పిల్లలకి ఇంట్లో వినబడే మాటే కదా.

బరంపురం నుంచి

మాస్టారూ, మాట బాగుంది గానీ ఈ పనికి అతకదు. అదను దానంతట అది వస్తుంది, మనం కనిపెట్టుకుని ఉండాలి. వాన పడితే అదను, పడకపోతే లేదు. ఇంజిన్లో అలా ఎదురుచూసేది ఏమీ లేదు, మనం చేత్తో తెచ్చి నిలిపేదే అంతా. అసలు 'టైమింగ్' అన్న మాటని అనువదించాలా అన్నది నా అనుమానం. సైకిల్‌కి చైన్ అనడానికి ఎవరూ మొహమాటపడలేదు.

పాతపట్నం దారి షెడ్డు నుంచి, మేస్త్రి

మా అబ్బాయి ఈ గ్రూపు చూపించాడు. రాతలో తప్పులుంటే సర్దుకోండి, పని సంగతి మాత్రం నాకు తెలిసినట్టు చెప్తాను.

మేం 'టైమింగ్ కలపడం' అంటాం. 'సమయం' అని మాత్రం రాయకండి బాబూ, పిల్లాడు గడియారం వెతుక్కుంటాడు. అక్కడున్నది టైము కాదు, కోణం. క్రాంకు కింద ఉంటుంది, పిస్టన్లని ఆడిస్తుంది. క్యాము పైన హెడ్డులో ఉంటుంది, వాల్వుల్ని తెరిచి మూస్తుంది. రెంటినీ జత కట్టి తిప్పేది చైన్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టే తిరగాలి, అందుకని పై చక్రానికి పళ్ళు రెట్టింపు ఉంటాయి. బండి ఆరు నెలలు మూలన పడున్నా దాని టైమింగ్ దానికి ఉంటుంది. ఆగిపోయిన ఇంజిన్లో సమయం ఎక్కడుంది చెప్పండి?

ఇక పని. ముందు ఒకటో సిలిండర్ పిస్టన్‌ని పైకంటా తేవాలి, దాన్నే టీడీసీ అంటాం. ఇక్కడ కొత్త కుర్రాళ్ళు తరచూ పొరబడతారు. పిస్టన్ పైకి రావడం రెండుసార్లు ఉంటుంది. గాలీ పెట్రోలూ నొక్కుకుంటూ ఒకసారి వస్తుంది, కాలిన పొగ బయటికి తోసేస్తూ ఇంకోసారి వస్తుంది. మనకి కావాల్సింది మొదటిది. అప్పుడు ఆ సిలిండర్ వాల్వులన్నీ మూసి ఉంటాయి, క్యాము బొడిపెలు వాటిని నొక్కకుండా పక్కకి తిరిగి ఉంటాయి. రెండోసారి వచ్చినప్పుడు చూస్తే పొగ వాల్వు మూసుకుంటూ, గాలి వాల్వు తెరుచుకుంటూ ఉంటుంది.

తర్వాత చైన్. కొత్త చైన్‌కి కొన్ని లింకులు వేరే రంగులో వస్తాయి. ఆ రంగు లింకులు చక్రాల మీది గుర్తుల దగ్గర కూర్చోవాలి. చైన్‌లో వదులు ఇంకెక్కడా మిగలకూడదు, ఉన్నదంతా టెన్షనర్ (చైన్‌ని నొక్కి బిగువుగా ఉంచేది) పక్కకి రావాలి. రెండో పక్క తీగలా బిగువుగా ఉండాలి. టెన్షనర్‌ని నొక్కి పిన్ను పెట్టి బిగిస్తాం, అన్నీ కుదిరాక పిన్ను లాగేస్తాం. చైన్ ఆనుకుని జారే గైడ్లు అరిగి ఉంటే పాతవి ఉంచడం దండగ.

అప్పుడు ప్లగ్గులు తీసేసి, క్రాంకు బోల్టుకి పానా పెట్టి, ఇంజిన్ తిరిగే వైపుకే చేత్తో రెండు చుట్లు తిప్పాలి. సెల్ఫ్ కొట్టకూడదు. చక్రాల మీది గుర్తులు మళ్ళీ వాటి చోటికే వచ్చాయా, టైమింగ్ కలిసినట్టు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగిపోతే బలం చూపించకండి. చాలా ఇంజిన్లలో టైమింగ్ తప్పితే తెరిచి ఉన్న వాల్వుకి పిస్టన్ వచ్చి గుద్దుకుంటుంది. చేత్తో తిప్పితే ఆగుతుంది, సెల్ఫ్ కొడితే వాల్వు వంగుతుంది. హెడ్డు దింపాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది.

ఒక పన్నే కదా అనుకోకండి. క్రాంకు చక్రానికి 18 పళ్ళు, క్యాము చక్రానికి 36 పళ్ళు అనుకుందాం. ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 20 డిగ్రీలు తేడా.

పర్లాకిమిడి నుంచి

మేస్త్రి గారూ, చాలా థాంక్సండి. ఒక అనుమానం. రెండు చుట్లు తిప్పాక చక్రాల గుర్తులు కలిశాయి గానీ రంగు లింకులు వేరే చోటికి పోయాయని ఒక కుర్రాడు మొత్తం మళ్ళీ విప్పేశాడట. పాఠంలో దానికేం రాయాలి?

మేస్త్రి

రంగు లింకుల పని చైన్ వేసేటప్పుడే. తిప్పాక వాటిని చూడక్కర్లేదు. ఇందాకటి లెక్కే చూడండి. క్రాంకు రెండు చుట్లకి 36 లింకులు కదులుతాయి. చైన్‌లో 130 లింకులు ఉంటే, ఆ రంగు లింకులన్నీ మళ్ళీ తమ తమ గుర్తుల మీదికి ఒకేసారి రావడానికి క్రాంకు 130 చుట్లు తిరగాలి. చక్రాల గుర్తులు మాత్రం ప్రతి రెండు చుట్లకీ వస్తాయి. ఈ లెక్క పిల్లల చేత వేయించండి, ఇక విప్పరు.

బల్లార్షా నుంచి

మా చంద్రపూర్ దిక్కు తెలుగు, మరాఠీ, హిందీ మూడూ కలిసే నడుస్తయి. హిందీ మాట్లాడే మెకానిక్ 'టైమింగ్ మిలానా' అంటడు, ఇంకొకడు 'టైమింగ్ బాంధ్‌నా' అంటడు. మరాఠీలో 'జుళవణే' అన్న మాట ఉంది, జత సరిపోయేటట్టు చేసుడు. పెండ్లి కుదుర్చుటానికి కూడా అదే మాట. తెలుగుల మనం జాతకాలు కలిసినయి అంటం గదా, గదే 'కలుపుడు' ఇక్కడా. మా గనుల దగ్గర పెద్ద డీజిల్ బండ్లకు చాలా వాటిల చైన్ ఉండదు, పండ్ల చక్రాలే ఒకదానికొకటి పట్టుకొని క్యామును తిప్పుతయి. అక్కడ కూడా గుర్తులు కలుపుడే. చైన్ ఉన్నా లేకున్నా మాట మారదు.

(పర్లాకిమిడి నుంచి: మా ఒడియా మేస్త్రులు 'మిళాఇబా' అంటారు. హిందీ, మరాఠీ, ఒడియా, తెలుగు అన్నీ ఒకే దారిలో పోవడం ముచ్చటగా ఉంది.)

జయపురం నుంచి, రిటైరైన డ్రైవరు

'పెట్టడం' అన్నది మా కాలం మాట, దాన్ని తప్పనకండి. అది వేరే పని. అంబాసిడర్‌కి ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉండేది. దాని పట్టీ వదులు చేసి అటూ ఇటూ కొంచెం తిప్పి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేసేవాళ్ళం. దాన్ని 'టైమింగ్ పెట్టడం' అనేవాళ్ళం. అడ్వాన్స్ ఎక్కువైతే, అంటే రవ్వ మరీ ముందే పడితే, సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకలాడేది. మరీ వెనక్కి ఉంటే లాగేది కాదు, వేడెక్కిపోయేది. అంబాసిడర్‌లోనూ ముందుభాగంలో చైన్ ఉంది, క్యాము బ్లాకులోనే ఉండేది. దాని చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా తెచ్చాక, డిస్ట్రిబ్యూటర్ పని మళ్ళీ విడిగా చేసేవాళ్ళం. ముందు కలపాలి, తర్వాత పెట్టాలి. అవి రెండు మాటలు, రెండు పనులు.

ఇప్పటి బళ్ళలో నిప్పురవ్వ సంగతి కంప్యూటరే చూసుకుంటోంది. అందుకే కుర్రాళ్ళు రెంటినీ ఒకే మాటతో లాగించేస్తున్నారు.

బరంపురం నుంచి

ఈ జవాబుతో చిక్కు సగం తీరింది. ఇంకొకటి చెప్పాలి. ఈ చర్చ పర్లాకిమిడి నుంచి మొదలవడం బాగుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెప్పారు. సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు సవరలు మాట్లాడేది విని నేర్చుకున్నారు, తర్వాత వ్యాకరణం, నిఘంటువు చేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, మర్నాటి నుంచి 'పునఃస్థాపన' అని రాస్తాం. మాట కావాలంటే షెడ్డుకి వెళ్ళాలి.

గుణుపురం మాస్టారు

అదను వదిలేశాను నాయనా, మేస్త్రి గారి కోణం మాటతో నా వాదం పోయింది. కానీ 'కలపడం'తో ఒక ఇబ్బంది ఉంది. చైన్ కలపడం అంటే తెగిన లింకులు అతకడం అనుకోరా? పాలు నీళ్ళు కలపడం కూడా అదే మాట. పాఠంలో కర్మ, అంటే కలిపేది దేన్నో, తేలాలి. 'చైన్ కలపడం' వేరు, 'టైమింగ్ కలపడం' వేరు అని మొదటి పేజీలోనే చెప్పండి.

రాయగడ నుంచి, సర్వీసు సెంటర్లో పనిచేసే కుర్రాడు

సార్, నాది ఒక అడ్డుమాట. కొన్ని ఇంజిన్లకి చక్రాల మీద నమ్మదగ్గ గుర్తులే ఉండవు. క్రాంకుకి ఒక పిన్ను, క్యాముకి ఒక పిన్ను దూర్చి కదలకుండా బంధించి, అప్పుడు చైన్ వేసి చక్రం బోల్టు బిగిస్తాం. అక్కడ కలిసే గుర్తు ఏదీ లేదు కదా? ఇంకొన్నింట్లో క్యాము చక్రం లోపలే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ యూనిట్ ఉంటుంది, ఇంజిన్ నడుస్తుండగానే క్యాము కోణాన్ని కాస్త ముందుకీ వెనక్కీ మార్చేది. అది తన లాక్ చోటులో లేకపోతే గుర్తు సరిగ్గానే కనబడుతుంది, టైమింగ్ మాత్రం తప్పుతుంది.

'రీసెట్' అన్న మాట మా దగ్గర, బండి కంప్యూటర్‌లోని కోడులు చదివే స్కానర్‌కి వాడతాం. క్రాంకు సెన్సర్, క్యాము సెన్సర్ చెప్పేవి పొంతన లేకపోతే కంప్యూటర్ పీ 0016 లాంటి కోడు పెట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. పని అయ్యాక ఆ కోడు చెరిపేయడం రీసెట్. కొన్ని బళ్ళకి చైన్ మార్చాక సెన్సర్ల కొత్త లెక్క కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలి, దాన్ని రీలెర్న్ అంటాం. చాలామంది ఓనర్లు వచ్చి 'రీసెట్ కొట్టేయ్ అన్నా, చాలు' అంటారు. కొడితే లైటు ఆరుతుంది. లోపల పన్ను తప్పి ఉంటే బండి నడిపాక మళ్ళీ వెలుగుతుంది.

పర్లాకిమిడి నుంచి

అయితే శీర్షికలో 'రీసెట్' తీసేస్తున్నాను. ఆ మాట పెడితే పిల్లలు స్కానర్ వైపు చూస్తారు, పానా వైపు చూడరు. పైగా 'మళ్ళీ మొదటికి' అన్న అర్థం వస్తుంది. అక్కడ సున్నా దగ్గరికి పోయేది ఏదీ లేదు, రెండు షాఫ్టులు ఒకదానికొకటి సరిపోవాలి, అంతే.

పిన్నుల ఇంజిన్ల గురించి తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. 'గుర్తులు కలపడం' అని రాస్తే వాటికి చెల్లదు. 'టైమింగ్ కలపడం' అంటే చెల్లుతుంది, ఎందుకంటే చివరికి కలిసేవి క్రాంకూ క్యామూ. గుర్తులతో కలిపినా, పిన్నులతో కలిపినా ఆ రెండే. శీర్షిక 'చైన్ మార్చాక టైమింగ్ కలపడం'. నిప్పురవ్వకి 'టైమింగ్ పెట్టడం' అన్న పాత మాటే ఉంచుతాను, పాత బళ్ళ పాఠంలో. స్కానర్ పనికి రీసెట్, రీలెర్న్ అలాగే ఉంటాయి.

ముసాయిదాలో ఒక పేరా: 'చైన్ వేశాక టెన్షనర్ పిన్ను తీయండి. ప్లగ్గులు తీసి, క్రాంకును ఇంజిన్ తిరిగే దిశలో చేత్తో రెండు చుట్లు తిప్పండి. గుర్తులు కలిశాయో లేదో చూడండి. కలవకపోతే వెనక్కి తిప్పి సరిచేయండి.' మేస్త్రి గారూ, సరేనా?

మేస్త్రి

చివరి వాక్యం తీసేయండి బాబూ. వెనక్కి తిప్పితే వదులు రెండో పక్కకి వస్తుంది, అక్కడే ఇంకో పన్ను దాటొచ్చు. 'కలవకపోతే టెన్షనర్ మళ్ళీ నొక్కి పిన్ను పెట్టి, చైన్ తీసి మొదట్నుంచీ వేయండి' అని రాయండి. ఏ బండికి ఏ గుర్తో కంపెనీ మాన్యువల్‌లో చూసుకోమని పైన ఒక ముక్క పెట్టండి, అన్నింటికీ ఒకే గుర్తు ఉండదు.

పర్లాకిమిడి నుంచి

మార్చానండి. ఇంకొక్క మాట కావాలి. చైన్‌లో బిగువుగా ఉండే పక్కనీ, టెన్షనర్ నొక్కే పక్కనీ షెడ్డులో ఏమంటారు?

మేస్త్రి

బిగువు పక్క, వదులు పక్క. ఇంకేమంటాం?