పాంక్రియాస్ వాపు తగ్గింది, గాల్‌బ్లాడర్ ఇప్పుడే తీయించాలా?

కూకట్‌పల్లి అల్లుడు: పోయిన ఆదివారం పెళ్లిలో బిర్యానీ, డబుల్ కా మీఠా తిన్న గంటకే మా అత్తగారికి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని ఈనో తాగించాం. నొప్పి వీపులోకి పాకింది, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఓర్చుకోలేకపోయారు. పాంక్రియాస్ వాపును చూపే రక్తపరీక్ష లైపేజ్ 1,900 వచ్చింది, చాలా ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ నిండా చిన్న రాళ్లు. ఇవాళ ఐదో రోజు, నొప్పి లేదు, ఇడ్లీ తింటున్నారు. ఇంటికి పంపేలోపే గాల్‌బ్లాడర్ తీసేద్దామంటున్నారు సర్జన్. మా బావమరిదేమో ఆరు వారాలు ఆగుదామంటున్నాడు. ఏం చేయమంటారు?

మలక్‌పేట మావయ్య: ఆగండి బాబూ. వాపు పచ్చిగా ఉన్నప్పుడు కత్తి పెట్టిస్తారా? మా తమ్ముడికి డాక్టర్లే ఆగమన్నారు. ఇప్పుడే చేయాలంటున్నారంటే బిల్లు కోసమేనని నా అనుమానం.

వార్డు అక్క: బిల్లు అనుమానం నాకూ వస్తుంటుంది, కానీ ఇక్కడ కాదు. రాయి జారి పిత్తనాళం చివర అడ్డుపడటంతోనే ఈ గొడవంతా. వాపు తగ్గింది సరే, రాళ్ల సంచి లోపలే ఉందిగా! నెదర్లాండ్స్‌లో తేలికపాటి వాపు ఉన్న 266 మందిని రెండు జట్లు చేసి చూశారు. పొంచో ట్రయల్ అంటారు, 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డిశ్చార్జ్ చేసి దాదాపు నెల ఆగిన జట్టులో 17 శాతం మంది రాళ్ల సమస్యతో మళ్లీ ఆసుపత్రిలో చేరారు లేదా చనిపోయారు. అదే అడ్మిషన్‌లో తీయించుకున్నవాళ్లలో 5 శాతమే. మావయ్యా, మీ తమ్ముడికి పాంక్రియాస్ చుట్టూ నీరు చేరిందా?

మలక్‌పేట మావయ్య: చేరింది. రెండు వారాలు ఐసీయూలో ఉన్నాడు.

వార్డు అక్క: అదీ సంగతి. అది తీవ్రమైన రకం. నీరు తగ్గేదాకా, లేదా గడ్డలా స్థిరపడేదాకా ఆగాల్సిందే. వాళ్ల డాక్టర్లు చెప్పింది కరెక్టే, కానీ ఆ లెక్క ఈమెకు వర్తించదు. కూకట్‌పల్లి తమ్ముడూ, అత్తగారి బిలిరుబిన్ (కామెర్లకు చూసే రక్తపరీక్ష) ఎంత? ఎక్కువుంటే నాళంలో ఇంకా రాయి ఉందేమో ముందు ఎమ్మార్సీపీ (పిత్తనాళాల ఎమ్మారై స్కాన్) తీసి చూస్తారు.

మలక్‌పేట మావయ్య: ఈమెది తేలిక రకమైతే నాదేం పట్టుదల లేదు. కానీ షుగర్, బీపీ ఉంటే మత్తు డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

కూకట్‌పల్లి అల్లుడు: బిలిరుబిన్ 0.9, నార్మలే. బీపీ మాత్రమే ఉంది, మత్తు డాక్టరు చూసి సరేనన్నారు. రేపు పొద్దున ఏడింటికి థియేటర్. బావమరిదికి పొంచో సంగతి చెబితే, "ఆ నెదర్లాండ్స్ వాళ్లు మన పెళ్లి భోజనం తిన్నారా?" అన్నాడు. సంతకం మాత్రం పెట్టాడు.