సమస్య: నిప్పుఁ గక్కు బల్లి నీటఁ బుట్టె

ఈ వారం ఆటవెలది. పైది నాలుగో పాదం, మిగతా మూడు మీవి. సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ‘ఇసుకరెక్క’ అనే డ్రాగన్ జాతి ఉందనుకోండి. కల్పితమే. రెక్కలు పొట్టి, ఎగిరేది తక్కువ, ఈదేది ఎక్కువ. ఆడది వేసవిలో ఇసుకతిన్నెలో గుడ్లు దాస్తుంది. కోపమొస్తే కాదు, చలేస్తేనే నిప్పు కక్కుతుంది. వాటిలో ఒకదాని పేరు రవ్వ. మనిషిని చూస్తే మునిగిపోతుంది, చేపల బుట్ట కనబడితే మాత్రం బెదురంతా మర్చిపోతుంది.

అంకీసా అక్క:

ఎండఁ గాగినట్టి యిసుకలో దాచిన
గుడ్డు వరద మునిఁగి గుట్టుగాను
పదును పంటితోడఁ బగిలించుకొనె రవ్వ
నిప్పుఁ గక్కు బల్లి నీటఁ బుట్టె

నిర్వాహకుడు: పంటితో పెంకు పగలడం బాగుంది అక్కా, మొసలి పిల్లలకూ ముక్కు కొసన అలాంటిదే ఉంటుంది. ‘గుట్టుగాను’ పాదం నింపడానికి వచ్చింది, సరే. అసలు చిక్కు ‘మునిఁగి’ దగ్గర. మునిగింది గుడ్డు, పగిలించుకున్నది రవ్వ. కర్త మారింది కాబట్టి ‘మునుఁగ’ అనండి, గణం చెడదు.

అసరెల్లి తమ్ముడు: మొసలి గుడ్డు నీట మునిగితే లోపల పిల్లకు ఊపిరాడదు కదక్కా?

అంకీసా అక్క: మొసలికి ఆడదు. ఇది ఇసుకరెక్క!

చంద్రపూర్ సారు:

పిల్లలడిగినారు బిక్కచూపులతోడ
రెండు మాట లొక్కరీతిఁ జెప్ప
డ్రాగననఁగ నేమి? రాజీవ మెటఁ బుట్టె?
నిప్పుఁ గక్కు బల్లి, నీటఁ బుట్టె

నిర్వాహకుడు: క్రమాలంకారం, ప్రశ్నల వరుసలోనే జవాబులు. డ్రా–రా సంయుక్తాక్షర యతి, ‘డ్రా’లోని రకారానికి ‘రా’ కుదిరింది, చెల్లుతుంది. కానీ సారూ, ఇది సమస్యను విప్పడం కాదు, పక్కనుంచి జారుకోవడం. రవ్వ ఊసే లేదు. పరీక్షలో అయితే మార్కులు పడతాయి, నాకు మాత్రం ఆనలేదు.

చంద్రపూర్ సారు: డ్రాగన్ చీనా సరుకు, సిరోంచలో దానికేం పని అని అలా రాశాను.

నిర్వాహకుడు: సిరోంచ వైపు ‘కోట’ అనే పేరున్న రాతిపొరల్లో దొరికిన బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు గుర్తున్నాయా? 1975లో ఆ పేరు పెట్టినప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ పేరూ కలిపారు. అస్థిపంజరాన్ని కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. ఎముకలతోపాటు చెట్ల మొద్దులూ బయటపడ్డాయి. అది ఆకులు మేసేదే, నిప్పు ఎరగదు. అయినా అంత బల్లి తిరిగిన నేల మీద రవ్వకు చోటు లేదంటే ఎలా?

అసరెల్లి తమ్ముడు:

చలికిఁ జేపఁ బట్టు జాలరి వణఁకంగ
గట్టు నెక్కి రవ్వ కాఁక నిచ్చె
నెవరి బిడ్డ యనఁగ నేటిబిడ్డ యనిరి
నిప్పుఁ గక్కు బల్లి నీటఁ బుట్టె

అంకీసా అక్క: ‘ఏటిబిడ్డ’కు నా ఓటు. నేను గుడ్డు చుట్టూ తిరుగుతుంటే నువ్వు దాన్ని ఊళ్లో మనిషిని చేశావు.

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే మేలైన పూరణ. మూడో పాదంలో అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు ఎవరో తెలియకపోయినా గట్టు మీది జనం వినబడుతున్నారు. ఒక్క సందేహం. రవ్వకు మనుషులంటే బెదురు కదా, జాలి తలచి కాక ఇచ్చిందా?

అసరెల్లి తమ్ముడు: జాలి లేదు, ఏమీ లేదు సారూ. వచ్చింది బుట్టలో చేపల కోసం. దానికీ చలేసింది, కక్కింది. పక్కనున్నవాడికి కాక తగిలింది.

నిర్వాహకుడు: మరి ‘ఇచ్చె’ అంటే దానం చేసినట్టుంది. ‘గట్టు నెక్క రవ్వ కాఁక గలిగె’ అని మార్చు. యతి అలాగే ఉంటుంది, కింద ‘నెవరి’ కూడా అతుకుతుంది. వచ్చే వారం కందం, ప్రాస చూసుకుని రండి.