ట్యూబ్ యాంప్ అమ్మేసి మోడలర్‌తోనే ఉండిపోవచ్చా? రిహార్సల్‌లో నా గిటార్ అస్సలు వినపడట్లేదు

రాత్రిరిఫ్:
అందరికీ నమస్తే. ఆరేళ్ళ నుంచి నా దగ్గర ఒక 22 వాట్ల ట్యూబ్ కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో) ఉంది, 6వి6 పవర్ ట్యూబులు రెండు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి. పోయినేడాది ఒక మోడలర్ (యాంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) తీసుకున్నా, అందులో సరిగ్గా ఇలాంటి యాంప్ మోడలే ఉంది. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే టైమే తెలీదు, అంత బాగుంటుంది. కానీ అదే ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగ్) బ్యాండ్ రిహార్సల్‌కి పట్టుకెళ్ళి ఎఫ్ఆర్ఎఫ్ఆర్ స్పీకర్‌లో (అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా వినిపించేది) పెడితే, డ్రమ్స్ మొదలవ్వగానే గిటార్ ఎక్కడికో పోతుంది, సరే అని వాల్యూమ్ పెంచితే పైన చెవుల్లో గుచ్చుకుంటుంది, కింద బాస్ అంతా ముద్దముద్దగా అయిపోతుంది. కాంబో తీసుకెళ్ళిన రోజు ఈ గొడవే ఉండదు, నాబ్ 4 మీద పెట్టి వాయిస్తే ప్రతి నోటూ వినపడుతుంది. ఇంకోటి ఫీల్. కాంబోలో గట్టిగా మీటితే నోట్ ఒక్క క్షణం లోపలికి నొక్కుకుని మళ్ళీ లేస్తుంది, వేళ్ళకి తెలుస్తుంది అది. మోడలర్‌లో నాకు అది దొరకలేదు.

విచిత్రం ఏంటంటే రెండిటితో ఒకే రిఫ్ రికార్డ్ చేసి పక్కపక్కన పెట్టి వింటే ఏది ఏదో నేనే చెప్పలేకపోయా. మరి రూమ్‌లో అంత తేడా ఎందుకొస్తోంది? కాంబో 19 కిలోలు, ప్రతిసారీ మెట్లెక్కించి దించడం ఇక నా వల్ల కావట్లేదు, అమ్మేద్దామనుకుంటున్నా. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

టంకం:
ట్యూబ్ యాంప్‌లు రిపేర్ చేస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, రికార్డింగ్‌లో తేడా లేదన్నారు కదా, అంటే యాంప్ మోడల్ తన పని తను చేస్తోంది. మీరు పోలుస్తున్నవి రెండు వేరే వేరే వస్తువులు. కాంబో ముందు నిలబడితే స్పీకర్ గాలిని నేరుగా కదిలిస్తుంది. మోడలర్ ఇచ్చేది ఆ స్పీకర్‌కి ఆనించినంత దగ్గరగా ఎస్ఎమ్57 లాంటి మైక్ పెట్టి పట్టుకున్న సౌండ్, ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, ఆ స్పీకర్-మైక్ సౌండ్ ముద్ర) అంటే అదే కదా. మీ ఎఫ్ఆర్ఎఫ్ఆర్‌లో వినేది ఎప్పుడూ మైక్ విన్న యాంపే, మీరు గదిలో నిలబడి విన్న యాంప్ కాదు.

ఆ నొక్కుకుని లేవడాన్ని శాగ్ అంటారు. జీజెడ్34 లాంటి రెక్టిఫయర్ ట్యూబ్ (ఏసీని డీసీ చేసేది) ఉన్న యాంప్‌లో గట్టిగా మీటితే పవర్ ట్యూబులు ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతాయి, సప్లై వోల్టేజ్ కాస్త పడుతుంది, నోట్ సాగుతున్నకొద్దీ మళ్ళీ పుంజుకుంటుంది. ఇప్పటి మంచి మోడలర్లు చాలావాటిలో దీనికి సెట్టింగ్ ఉంటుంది, వెతికి పెంచి చూడండి.

కానీ జనం ఎక్కువగా వదిలేసేది స్పీకర్ ఇంపీడెన్స్, అంటే కరెంట్‌కి అది ఇచ్చే అడ్డు. వెనక 8 ఓమ్స్ అని రాసుంటుంది కానీ అది అన్ని ఫ్రీక్వెన్సీల్లో 8 కాదు, కింద బాస్ రెసొనెన్స్ దగ్గర దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైన ట్రెబుల్ వైపు మళ్ళీ పెరుగుతూ పోతుంది. ట్యూబ్ పవర్ యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ కాబట్టి ఆ పెరిగిన చోటల్లా వోల్టేజ్ కూడా లేస్తుంది, అందుకే కింద ఆ గుద్దు, పైన ఆ మెరుపు. మామూలు సాలిడ్ స్టేట్ పవర్ యాంప్ స్పీకర్ ఎలా మారినా వోల్టేజ్ ఒకేలా పట్టి ఉంచుతుంది. అందుకే ఎఫెక్ట్స్ లూప్ ఉన్న ట్యూబ్ యాంప్ ఎవరి దగ్గరైనా ఉంటే దాని రిటర్న్‌లోకి (నేరుగా పవర్ యాంప్‌కి వెళ్ళే సాకెట్) మీ మోడలర్ పెట్టి వాయించండి, క్యాబ్ సిమ్ (స్పీకర్ అనుకరణ) మాత్రం ఆపేయాలి, లేకపోతే స్పీకర్ మీద స్పీకర్ అయ్యి దుప్పటి కప్పినట్టుంటుంది. పవర్ ట్యూబులు, నిజం స్పీకర్ వచ్చాక ఫీల్ చాలావరకు తిరిగొస్తే, తేడా ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త, ఇలాంటి ప్రయోగాల్లో ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ పీకేసి ఎప్పుడూ వాయించకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మూత కూడా తీయొద్దు, లోపల 400 వోల్ట్స్ దాకా ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది.

మిక్సర్_వెనక:
టంకం గారు చెప్పింది కరెక్టే, కానీ బ్యాండ్‌లో గిటార్ మాయమవ్వడానికి అసలు కారణం వేరే ఉంది. లైవ్ సౌండ్ చేస్తాను, ఈ సమస్య ప్రతి వారం చూస్తా. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే చూపించారు, సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగ్గా ఆనవు, మిడ్సే (మధ్య ఫ్రీక్వెన్సీలు) వినపడతాయి. కాబట్టి రాత్రి మెల్లగా వింటూ ప్రీసెట్ చేస్తే తెలీకుండానే బాస్, ట్రెబుల్ పెంచేస్తాం. అదే ప్రీసెట్ డ్రమ్స్ పక్కన గట్టిగా పెడితే ఆ పెంచినవన్నీ మీదపడతాయి. మీరు చెప్పిన గుచ్చుకోవడం, ముద్ద అవ్వడం రెండూ అవే అన్నా.

రిహార్సల్ వాల్యూమ్‌లో, బ్యాండ్ వాయిస్తుండగానే ప్రీసెట్ మళ్ళీ మొదటి నుంచి చేయండి. లో కట్ (దాని కింది ఫ్రీక్వెన్సీల్ని తీసేసేది) 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఆ కింద చోటు బాస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. హై కట్ 6 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో జరుపుకోండి, ఎందుకంటే నిజం గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది, ఎఫ్ఆర్ఎఫ్ఆర్ అలా పడదు. గెయిన్ (డిస్టార్షన్) తగ్గించండి, మిడ్స్ ధైర్యంగా పెంచండి, విడిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది కానీ బ్యాండ్‌లో అదే నిలబడుతుంది. స్పీకర్ నేల మీద పెట్టి ఉంటే బాస్ ఇంకా పెరుగుతుంది, స్టాండ్ మీదకి ఎత్తండి. వాట్స్ కూడా చూసుకోండి, 2019లో ఫెండర్ టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ అని డిజిటల్ కాంబో తెచ్చింది, 22 వాట్ల ట్యూబ్ యాంప్ హెడ్‌రూమ్ (సౌండ్ పగలకుండా పెరిగే చోటు) రావడానికి దాంట్లో 100 వాట్ల డిజిటల్ పవర్ యాంప్ పెట్టారు.

ఇక ప్రేక్షకుల సంగతంటారా, వాళ్ళు వినేది ఎలాగూ పీఏ (హాల్ స్పీకర్లు) లోంచి వచ్చే మైక్ సౌండే. 2013 డిసెంబర్‌లో మెటాలికా అంటార్కిటికాలో వాయించినప్పుడు స్టేజి మీద మోగే యాంప్‌లే లేవు, మోడలర్లలోంచి నేరుగా, ప్రేక్షకులు హెడ్‌ఫోన్స్‌లో విన్నారు. నా వరకు మోడలర్ వాడే గిటారిస్ట్ వస్తే చాలా హాయి, స్టేజి వాల్యూమ్ తగ్గుతుంది, సింగర్ మైక్‌లోకి గిటార్ దూరదు.

ఏడోఫ్రెట్:
నేను మాత్రం అమ్మొద్దంటా. రెండూ పదేళ్ళుగా వాడుతున్నా, మోడలర్ మీద నాకు ఏ కోపమూ లేదు, 2011లో నిజం యాంప్ సౌండ్‌ని పట్టి దాచుకునే కెంపర్ వచ్చినప్పుడే ఈ వాదన సగం తీరిపోయింది, ఇప్పుడు ఎన్ఏఎమ్ (న్యూరల్ యాంప్ మోడలర్) లాంటి ఓపెన్ సోర్స్‌వి న్యూరల్ నెట్‌వర్క్‌తో పట్టిన క్యాప్చర్ వింటే అసలు యాంప్ ఏదో కనిపెట్టడం కష్టం. కానీ మామూలు క్యాప్చర్ అంటే ఆ యాంప్‌కి ఒక్క సెట్టింగ్‌లో తీసిన ఫోటో, నాబ్ తిప్పితే నిజం యాంప్ మారినట్టు అది మారదు. రెండోది ఎవరూ చెప్పలేదు, కాంబో దగ్గర నిలబడితే దాని సౌండ్ గిటార్ చెక్కని, తీగల్ని కదిలిస్తుంది, నోట్ అలా నిలిచి ఫీడ్‌బ్యాక్‌లోకి పూస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ చుట్టు తెగిపోతుంది, అది మోడలింగ్ తప్పు కాదు, గాలి లేదంతే.

లేటెన్సీ అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. సౌండ్‌కి ఒక మీటర్ దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, మోడలర్ ఆలస్యం కూడా మామూలుగా ఆ మాత్రమే, అంటే యాంప్‌కి ఇంకో మీటర్ వెనక్కి జరిగినట్టు. పోల్చేటప్పుడు మాత్రం రెండిటి వాల్యూమ్ మీటర్ పెట్టి సమానం చేయండి, కొంచెం గట్టిగా ఉన్నదే మన చెవికి ఎప్పుడూ బాగుంటుంది.

రాత్రిరిఫ్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రిహార్సల్‌లో రెండు గంటలు దీనిమీదే కూర్చున్నా. స్పీకర్ స్టాండ్ మీద పెట్టి, లో కట్ 100, హై కట్ 6.5 కిలోహెర్ట్జ్, గెయిన్ సగానికి సగం తగ్గించి మిడ్స్ పెంచా, మా డ్రమ్మరే మొదటి పాట అవ్వగానే ఆగి ఇవాళ గిటార్ వినపడుతోందే అన్నాడు. బాసిస్ట్ ట్యూబ్ హెడ్‌కి ఎఫెక్ట్స్ లూప్ ఉంది, రిటర్న్‌లో పెట్టి నా కాంబో లాంటి గిటార్ క్యాబ్‌తో వాయించి చూశా, క్యాబ్ సిమ్ ఆపేసి, శాగ్ కూడా పెంచి. ఆ గుద్దు వచ్చింది, నిజంగా వచ్చింది. కాబట్టి షోలకి మోడలర్, కాంబో ఇంట్లోనే ఉంటుంది, అమ్మట్లేదు.

ఒక్కటి మిగిలింది. కాంబోలో గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి తెస్తే సౌండ్ క్లీన్ అయినా మెరుపు పోదు. మోడలర్‌లో అదే చేస్తే పైన అంతా మసకబారినట్టు అవుతుంది, రిటర్న్‌లో పెట్టినా అంతే.

టంకం:
రిటర్న్‌లో పెట్టినా మారలేదంటే తేడా స్పీకర్ వైపు కాదు, గిటార్ దూరే వైపే వెతకాలి. చాలా ట్యూబ్ యాంప్‌ల ఇన్‌పుట్ 1 మెగాఓమ్ ఉంటుంది. కొన్ని మోడలర్లలో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఆటోలో ఉంటుంది, చెయిన్‌లో మొదటి బ్లాక్‌గా ఫజ్ లాంటి డిస్టార్షన్ ఎఫెక్ట్ ఉంటే, అది ఆఫ్‌లో ఉన్నా సరే, బాగా కిందకి దింపేయొచ్చు. అప్పుడు పికప్‌లోంచి హైస్ (ట్రెబుల్) పోతాయి. దాన్ని చేత్తో 1 మెగాఓమ్ పెట్టి, ముందు ఏ పెడలూ లేకుండా కేబుల్ నేరుగా గుచ్చి మళ్ళీ 6 మీద వాయించి ఎలా ఉందో చెప్పండి, అప్పటికీ మసకగానే ఉంటే గిటార్‌లో ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ (వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ పోకుండా ఆపేది) ఉందో లేదో చూద్దాం.