66 పౌండ్ల టికెట్: స్టేడియం ఎవరిది, లోకల్ వాడిదా డబ్బున్నోడిదా?

పటమట గూనర్
రాత్రి మన ఫుట్‌బాల్ గ్రూపులో మొదలైన గొడవ ఇక్కడికి తెచ్చా, అక్కడ వాయిస్ నోట్లు వినలేక చస్తన్నాం. సంగతేంటంటే 2024 నవంబర్‌లో ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు సీజన్ మధ్యలో, మిగిలిన మ్యాచ్‌లకి మెంబర్ల టికెట్ కనీసం 66 పౌండ్లు చేసి, పిల్లలకీ పెన్షనర్లకీ ఉండే తగ్గింపు కూడా పీకేశారు కదా. బ్రాడీపేట రెడ్ గారు దాన్ని ఇప్పటికీ వెనకేసుకొస్తన్నారు. డిమాండ్ ఉంది పెంచారు, తప్పేముంది అంట. నాకు ఒళ్ళు మండింది. తాతా తండ్రీ మనవడూ ఒకే వరసలో కూర్చుని చూసిన ఆట అండీ ఇది. ముగ్గురికీ ఒకటే రేటంటే 198 పౌండ్లు, మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే, ఒక్క మ్యాచ్‌కి, అదీ దారి ఖర్చులు, తిండి కాకుండా. ఇట్టా పోతే రేపు స్టేడియంలో మిగిలేదెవరు, కార్నర్ కిక్ కొడుతుంటే ఫోన్ పైకెత్తి వీడియో తీసుకునేవాళ్ళు తప్ప? అందరూ చెప్పండి. వాయిస్ నోట్లు వద్దు.

లెక్కల మాస్టారు, గుంటూరు
అసలు పౌండ్లని రూపాయల్లోకి మార్చడమే తప్పు బాబూ. అక్కడివాడు పౌండ్లలో సంపాదిస్తాడు, పౌండ్లలో ఖర్చు పెడతాడు. 2024లో వాళ్ళ కనీస వేతనం గంటకి 11.44 పౌండ్లు. 66ని దాంతో భాగించండి, ఆరు గంటలు కూడా నిండవు. ఇరవై వేలు అని రాస్తే మనకి గుండె గుభేలుమంటుంది గానీ వాడికి అనదు.

ఆఫ్‌సైడ్ అప్పారావు
ఆరు గంటలు కష్టపడి ఆ సీజన్ యునైటెడ్ ఆట చూడాలా మాస్టారూ? పదిహేనో స్థానంలో తేలారు. జనానికి వాళ్ళే ఎదురు డబ్బులివ్వాలి.

గాంధీనగర్ బాల్కనీ
సినిమా హాళ్ళకీ ఇదేగా జరిగింది. నేల టికెట్ వాడే ఈలేసి, కాగితాలు చించి ఎగరేసి హాలుని హాలు చేశాడు. ఇప్పుడు రిక్లైనర్లో పడుకుని చూస్తన్నాం, హీరో ఎంట్రీకి కూడా చప్పట్లు రావట్లా. అట్టాగని 2021లో జీవో 35 తెచ్చి పంచాయతీల్లో అయిదు రూపాయల టికెట్ అంటే ఏమైంది, కొన్నిచోట్ల ఓనర్లు హాళ్ళే మూసుకున్నారు, మళ్ళీ 2022 మార్చిలో రేట్లు మార్చాల్సొచ్చింది.

ఆఫ్‌సైడ్ అప్పారావు
బాబాయ్ జీవోల జోలికెళ్ళకు, థ్రెడ్ లాక్ అయిపోద్ది.

బ్రాడీపేట రెడ్
గూనర్ గారూ, నేనన్నదాంట్లో సగం రాసి మిగతా సగం మింగేశారు. మా యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పట్టేది 74 వేల మంది. కావాలనుకునేవాళ్ళు లక్షల్లో ఉంటారు. రేటు తక్కువ పెడితే ఆ లాభం మీరు చెప్పే తాతకి దక్కదు, బ్లాక్ వాడికి దక్కుద్ది. నాకు జరిగింది చెప్తా వినండి. మాంచెస్టర్‌లో ఎంఎస్ చేసేటప్పుడు మెంబర్‌షిప్ కట్టా, టికెట్లకి తీసే లాటరీ, అదే బ్యాలెట్‌లో పేరు వేస్తా ఉన్నా, ఒక్కసారి తగిలితే ఒట్టు. ఆఖరికి పార్ట్‌టైమ్ డబ్బులు పోగేసి ఒక వెబ్‌సైట్లో కొన్నా, అసలు రేటుకి మూడింతలు. మ్యాచ్‌కి ముందు ఫోన్‌కి ఏదో పాస్ పంపారు, ఎవరి పేరు మీదో ఉంది. గేటు దగ్గర ఫోన్ ఆనిస్తే ఎర్ర లైటు. తుడిచి మళ్ళీ ఆనించా, మళ్ళీ ఎర్ర లైటే. వెనక లైన్లో గొణుగుడు మొదలైంది. స్టీవర్డ్ మర్యాదగానే పక్కకి జరగమన్నాడు. లోపల గోల్ పడ్డ కేక బయట చిప్స్ బండి దగ్గర నిలబడి విన్నా, ఎవరు కొట్టారో ఫోన్లో చూసుకున్నా. డబ్బులు వెనక్కి రాలా, ఆ సైటు వాడు మెయిల్‌కి జవాబే ఇవ్వలా. అదే డబ్బు క్లబ్బే తీసుకుని నాకు సీటు ఇచ్చుంటే ఎవడికి నష్టం? 2023-24లో ఆ క్లబ్‌కి 113 మిలియన్ పౌండ్ల నష్టం, అది కూడా రాయండి.

పటమట గూనర్
సార్ మీరు కొన్నది బ్లాక్ టికెట్. ఫుట్‌బాల్ టికెట్ అట్టా పర్మిషన్ లేకుండా అమ్మడం అక్కడ నేరం, 1994 చట్టంలోనే ఉంది. బ్లాక్ వాడు మిమ్మల్ని ముంచితే దానికి లోకల్ ముసలాయన టికెట్ పెంచాలా? ఏం లాజిక్ అండీ ఇది. ఇక నష్టం అంటారా, మేనేజర్లని తీసేసినందుకు పరిహారాలు, పనికిరాని ప్లేయర్లకి కోట్లు పోసింది ఎవరు? సీజన్ మధ్యలో, ఎక్కువ టికెట్లు అప్పటికే అమ్ముడైపోయాక, మిగిలిన కాసిని టికెట్ల మీద పెంచితే ఎంతొస్తది, ఆ నష్టంలో ఓ మూలకి కూడా రాదు. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు టీవీ ఒప్పందం అయిదేళ్ళకి 304 మిలియన్ పౌండ్లు, 2016 నుంచి మూడేళ్ళకి ఒక్క బ్రిటన్‌లోనే 5.1 బిలియన్. ఇంత టీవీ డబ్బు పెట్టుకుని పిల్లాడి టికెట్ దగ్గర కక్కుర్తి ఏంటి?

గుణదల గోల్‌కీపర్
అందరూ పాత రోజులు పాత రోజులు అంటన్నారు, ఆ పాత రోజుల్లో నాలాంటిదానికి అక్కడ చోటుందా అసలు? నేను కాలేజీ టీమ్‌కి ఆడాను కాబట్టి అడుగుతన్నా. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ తగలబడి 56 మంది పోయారు, అదే నెల బ్రస్సెల్స్‌లో హేసెల్ స్టేడియంలో 39 మంది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట, 97 మంది. చౌక టికెట్, ఇనప కంచెలు, తోపులాట, ఇదీ మీ స్వర్ణయుగం. తర్వాత సీట్లు వేశారు, కెమెరాలు పెట్టారు, ఇప్పుడు ఆడవాళ్ళు పిల్లల్నేసుకుని వస్తన్నారు. దానికి ఖర్చవదా?

కృష్ణలంక కాప్
అక్కా మీరంటే గౌరవం ఉంది, కానీ హిల్స్‌బరోని టికెట్ రేటుకి ముడిపెట్టొద్దు. లివర్‌పూల్ వాళ్ళం ఆ మాట పడలేం. అక్కడ జనం చచ్చింది చౌక టికెట్ వల్ల కాదు, పోలీసుల నిర్వాకం వల్ల. 2016లో జ్యూరీ తేల్చి చెప్పింది, అభిమానుల తప్పు ఇసుమంత కూడా లేదని. పైగా ఆ ఘటన మీద 1990లో వచ్చిన జడ్జి టేలర్ రిపోర్టు సీట్లు వేయమంది గానీ రేట్లు పెంచమనలేదు. గ్లాస్గోలో ఐబ్రాక్స్ స్టేడియంలో సీటుకి 6 పౌండ్లు, నిలబడితే 4 పౌండ్లు, అదేం భారం కాదు అని ఉదాహరణ కూడా ఇచ్చాడు ఆ జడ్జి. మన పెద్దమనుషులు సీట్ల మాట విన్నారు, 6 పౌండ్ల మాట వినపడనట్టు నటించారు.

ఇంకోటి, జనం తిరగబడితే దిగొస్తారు, దిగిరారని కాదు. 2016 ఫిబ్రవరిలో మా వాళ్ళు కొత్త మెయిన్ స్టాండ్‌లో 77 పౌండ్ల టికెట్ పెడితే సండర్‌ల్యాండ్ మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0 లీడ్‌లో ఉన్నాం, వాళ్ళటు పోగానే ఇటు రెండు గోల్స్ తినేసి 2-2. నాలుగు రోజుల్లో ఓనర్లు సారీ చెప్పి ఆ రేటు తీసేశారు. అదే ఏడాది నుంచే లీగ్ మొత్తం మీద అవతలి టీమ్ గ్రౌండ్‌కి వెళ్ళే అభిమానుల టికెట్‌కి 30 పౌండ్ల సీలింగ్ కూడా పెట్టారు.

లెక్కల మాస్టారు, గుంటూరు
1990లో 6 పౌండ్లు, ఇప్పటి 6 పౌండ్లు ఒకటి కావు. ధరల పెరుగుదల కలపాలి.

కృష్ణలంక కాప్
కలిపినా ఇరవై దాటదు మాస్టారూ. 66 ఎట్టా అయింది?

గుణదల గోల్‌కీపర్
పోలీసుల తప్పని నాకూ తెలుసు తమ్ముడూ, నేను కంచెల సంగతి అన్నా, నువ్వు రేటు సంగతి చదువుకున్నావ్. ఆ తోపులాటలోకి మా నాన్న నన్ను పంపేవాడు కాదు, అంతే నా పాయింట్. రేటు సంగతి వేరే.

పటమట గూనర్
అదే నేననేది కూడా, రెండూ వేరు వేరు. జర్మనీలో డార్ట్‌మండ్ సౌత్ స్టాండ్ చూడండి, పాతిక వేల మంది దాకా నిలబడే చూస్తారు, టికెట్ చౌక, చాలా క్లబ్బుల్లో ఆ టికెట్ మీదే సిటీ రైలూ బస్సూ ఎక్కొచ్చు. ఆడవాళ్ళు రావట్లేదా అక్కడికి? 50+1 రూలు ఉంది కాబట్టి ఓట్లలో మెజారిటీ క్లబ్ మెంబర్లదే. 2024 ఫిబ్రవరిలో లీగ్‌లోకి ఇన్వెస్టర్‌ని తెస్తామంటే మ్యాచ్ మధ్యలో గ్రౌండ్ నిండా టెన్నిస్ బంతులు విసిరారు, ఆ డీల్ రద్దయింది. ఇంగ్లండ్‌లో కూడా 2022 నుంచి సీటు ముందు రెయిలింగ్ పెట్టి నిలబడనిస్తన్నారు. కావాలంటే అన్నీ చేయొచ్చు, కావాలనుకోరు.

బ్రాడీపేట రెడ్
మీ ఆర్సెనల్ ఏం ధర్మసత్రం నడుపుతందా? పాత గ్రౌండ్ హైబరీలో 38 వేల సీట్లుండేవి, 2006లో కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కి మారి 60 వేలు చేసుకున్నారు, రేట్లేమైనా తగ్గించారా?

పటమట గూనర్
తగ్గించలేదనే తిడతన్నా. నేను ఏ క్లబ్‌నీ వెనకేసుకురావట్లా, మీలాగా. నిజం చెప్పాలంటే మీకు బాధ రేట్ల గురించి కాదు, మీకు సీటు దొరకలేదని. డబ్బులెక్కువ పెడితే దొరకాలి అన్నది మీ సిద్ధాంతం. దాన్నే టూరిస్ట్ బుద్ధి అంటారు.

ఆఫ్‌సైడ్ అప్పారావు
అయిపోయింది. పాప్‌కార్న్ పట్టండ్రా.

బ్రాడీపేట రెడ్
టూరిస్టా? ఎవరండీ టూరిస్టు? అరండల్‌పేటలో కేబుల్ వాడితో పోట్లాడి స్పోర్ట్స్ ఛానెల్ పెట్టించుకున్న రోజుల నుంచి చూస్తన్నా. సోమవారం మ్యాచ్ మనకి రాత్రి ఒంటిగంటన్నరకి మొదలైతే చూసి, పొద్దున్నే ఆఫీసుకెళ్ళి తిట్లు తిన్నా. మాంచెస్టర్ పక్కనే సాల్ఫర్డ్‌లో పుట్టినోడికి పుట్టుకతో వచ్చింది, నేను నిద్ర మానుకుని సంపాదించుకున్నా. నా అభిమానం సెకండ్ హ్యాండా?

పైగా లోకల్ వాడికి అన్యాయం అని మీరు ఏడవడం ఏంటి? శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్ ఎవరికి వీలు, మనకి సాయంత్రం అయిదో ఆరో అవుద్ది కాబట్టి మనకి వీలు. సోమవారం రాత్రి ఎనిమిదింటి మ్యాచ్‌కి లండన్ వచ్చిన న్యూకాజిల్ వాడికి ఆఖరి రైలు వెళ్ళిపోయి ఉంటది. నేనక్కడున్నప్పుడు శనివారం మూడింటి మ్యాచ్ టీవీలో చూసే వీల్లేదు, ఆ టైమ్‌లో అక్కడ లైవ్ ఇవ్వరు, స్టేడియాలు ఖాళీ అవుతాయని ఎప్పటినుంచో ఉన్న రూలు. అదే మ్యాచ్ మీరు పటమటలో సోఫా మీద కాళ్ళు చాపుకుని చూశారు. వాడి కడుపు కొట్టింది నేనొక్కడినే అన్నట్టు చెప్తారేంటి.

గాంధీనగర్ బాల్కనీ
ఇది మాత్రం కరెక్టే. మన సబ్‌స్క్రిప్షన్ డబ్బులు కూడా ఆ బిలియన్లలో ఉన్నాయి మరి.

పటమట గూనర్
నేను టీవీలో చూస్తే ఎవడి సీటూ పోదు. మీరు తిండీ మందూ కలిపిన ఖరీదైన హాస్పిటాలిటీ ప్యాకేజీ కొంటే ఒకడి సీటు పోద్ది. తేడా ఉంది. 2000లోనే మీ కెప్టెన్ రాయ్ కీన్ అన్నాడుగా మీ స్టేడియంలోనే, మందేసి రొయ్యల శాండ్‌విచ్ తింటూ గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో తెలీకుండా కూర్చునేవాళ్ళ గురించి.

ఆఫ్‌సైడ్ అప్పారావు
రొయ్యల్ని ఏమనొద్దన్నా, మన భీమవరం సరుకేమో.

బ్రాడీపేట రెడ్
సరే, ఒకడి సీటు పోద్ది అన్నారుగా, ఇక దాచుకోవడం ఎందుకు, అడిగేస్తా. మొన్న మీరు పెట్టిన స్క్రీనింగ్‌కి మనిషికి 400 తీసుకున్నారు. అంతకుముందు ఇదే గ్రూపు, ఇదే కుర్రాళ్ళు, మేడ మీద తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టుకుని, టీకి తలా ఇరవై వేసుకుని చూసేవాళ్ళం. ఇప్పుడు ఏసీ కేఫ్, ఫొటోల కోసం బ్యానరు, ముందు వరస సోఫాలకి ఇంకో వంద. ఎంతమంది పిల్లలు మానేశారో లెక్కేశారా? ఇక్కడ పిల్లల టికెట్ గురించి కన్నీళ్ళు.

పటమట గూనర్
మేడ మీద నుంచి పక్కింటాయన పోలీసుల్ని పిలిచింది మర్చిపోయారా? వర్షం వస్తే ప్రొజెక్టర్ మీద గొడుగు పట్టుకుంది నేను. కేఫ్ వాడు మినిమమ్ బిల్లు లేకపోతే హాల్ ఇవ్వనన్నాడు. ఆ 400లో నాకు మిగిలింది సున్నా, కావాలంటే బిల్లులు పెడతా. సోఫాల వంద కూడా కేఫ్ వాడిదే.

బ్రాడీపేట రెడ్
మీరు తిన్నారని అన్లేదు. క్లబ్బు వాళ్ళూ ఖర్చులే చెప్తారు కదా అంటన్నా.

వడ్డేశ్వరం హాస్టల్
అన్నా నేను చెప్పొచ్చా. మేం నలుగురం రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళం, 400 అయ్యాక రావట్లేదు. బస్సుకి వంద, ఎంట్రీకి 400, మ్యాచ్ అయ్యేసరికి బస్సుండదు, ఆటో మళ్ళీ వేరే. మీరెవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. సీరియస్ ఇష్యూ ఏం కాదు, ఫోన్లో చూస్తన్నాం. కానీ పాటలు పాడేది మేమే అన్నా, మొన్న వీడియో చూశా, అందరూ కూర్చుని తింటన్నారు.

గుణదల గోల్‌కీపర్
నేను మేడ మీదకి ఎప్పుడూ రాలేదు, కేఫ్ అయ్యాకే వచ్చా, బాత్రూమ్ ఉంటది కాబట్టి. ఈ ముక్క కూడా లెక్కలో రాసుకోండి.

లెక్కల మాస్టారు, గుంటూరు
400ని కుర్రాడి నెల పాకెట్ మనీతో భాగించాలి.

కృష్ణలంక కాప్
వరల్డ్ కప్ టికెట్లకే జనం గోల చేస్తే ఫిఫా దిగొచ్చి 2025 డిసెంబర్‌లో 60 డాలర్ల టికెట్లు కొన్ని పెట్టింది. మన కేఫ్ వాడు ఫిఫా కంటే మొండోడా? వెనక వరసలు స్టూడెంట్స్‌కి ఇవ్వమనండి, కుర్చీలు లేకపోయినా పర్లేదు.

పటమట గూనర్
కేఫ్ వాడితో మాట్లాడతా. కూర్చోకుండా వెనక నిలబడేవాళ్ళకి 150 అయితే వస్తారా తమ్ముడూ?

వడ్డేశ్వరం హాస్టల్
నిలబడే చూస్తాం అన్నా. 150లో తిండి కలిపా, విడిగానా?

పటమట గూనర్
విడిగా.

వడ్డేశ్వరం హాస్టల్
అయితే 120 చెయ్యన్నా.

బ్రాడీపేట రెడ్
మిగతా ముప్పై నేను వేస్తా, నలుగురిదీ. టూరిస్ట్ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి గూనర్ గారూ.

పటమట గూనర్
డబ్బులు వేయండి. ఆ మాట సంగతి మ్యాచ్ రోజు చూద్దాం.