ఇరిడియం సోర్స్ ఇంపోర్ట్: పర్మిషన్ ముందా, షిప్‌మెంట్ ముందా?

బెజవాడ_ఫిజిసిస్ట్:
అందరికీ నమస్కారం. మా క్యాన్సర్ హాస్పిటల్‌లో ఈమధ్యే ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) బాధ్యత నాకిచ్చారు. హెచ్‌డీఆర్ బ్రాకీ మెషిన్‌లో (రేడియేషన్ సోర్స్‌ని క్యాన్సర్ గడ్డ దగ్గరికే పంపి ట్రీట్‌మెంట్ ఇచ్చేది) ఇరిడియం-192 సోర్స్ బలం బాగా తగ్గిపోయి ట్రీట్‌మెంట్ టైమ్ పెరిగిపోయింది, సర్విక్స్ క్యాన్సర్ పేషెంట్లు అప్లికేటర్లు (సోర్స్ వెళ్లే గొట్టాలు) పెట్టుకుని అంతసేపు కదలకుండా పడుకోవాలంటే నరకమే. కొత్తది యూరప్ నుంచి రావాలి. సప్లయరేమో పర్మిషన్ కాపీ ఇస్తేనే పంపుతా అంటున్నాడు, మా పర్చేజ్ వాళ్లేమో ముందు రానీ, కస్టమ్స్‌లో చూసుకుందాం అంటున్నారు. ఏం చేయాలి?

పాత_ఆర్‌ఎస్‌ఓ:
సప్లయర్ మాటే కరెక్టు తమ్ముడూ, పర్చేజ్ వాళ్ల మాట అస్సలు వినకు. ఇది ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) లెక్కలో కేటగిరీ 2 సోర్స్, అంటే చాలా ప్రమాదకరమైనది, కొనేవాడికి లైసెన్స్ ఉందో లేదో పంపే దేశం కూడా చూసుకోవాలి. ముందు ఈ-లోరాలో (ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ లైసెన్సింగ్ పోర్టల్) అప్లై చేసి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) పర్మిషన్ తెచ్చుకో. అందులో సప్లయర్ పేరు, సోర్స్ మోడల్, యాక్టివిటీ (సోర్స్ బలం, క్యూరీల్లో) ఇన్‌వాయిస్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, తేడా ఉంటే పెట్టె కార్గోలోనే ఆగిపోతుంది, లోపల సోర్స్ మాత్రం తరుగుతూనే ఉంటుంది. హాఫ్ లైఫ్ (బలం సగానికి పడిపోయే టైమ్) 74 రోజులే కదా, 10 క్యూరీలది నాలుగు నెలలకి మూడో వంతుకి వస్తుంది, అంటే పది నిమిషాల ట్రీట్‌మెంట్ అరగంట. అందుకే పాతది పూర్తిగా పడిపోయేదాకా ఆగకుండా ముందే మొదలెట్టాలి.

గుంటూరు_రేడియో:
అన్న చెప్పింది నిజం. ఇంకోటి, పాత సోర్స్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి సర్. వాడేసింది తిరిగి తీసుకుంటానని సప్లయర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, అది వెనక్కి పంపడానికి కూడా పర్మిషన్ కావాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైందో గుర్తుందిగా, యూనివర్సిటీ పాత గామా మెషిన్‌ని వేలంలో అమ్మేస్తే కోబాల్ట్-60 తుక్కు దుకాణంలో తేలింది, ఒకతను చనిపోయాడు. స్టోర్ రూమ్‌లో మూలన పడేస్తే మన దగ్గరా అదే గతి.

బెజవాడ_ఫిజిసిస్ట్:
థాంక్సన్నా, థాంక్సండి. పెట్టె వచ్చాక నేను ఏమేం చూడాలి?

పాత_ఆర్‌ఎస్‌ఓ:
తెరవకముందే సర్వే మీటర్‌తో (రేడియేషన్ కొలిచేది) పెట్టె ఉపరితలం మీదా, మీటర్ దూరంలోనూ రీడింగ్ తీయి, మీటర్ దూరం రీడింగ్‌ని లేబుల్ మీద ఉన్న ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్‌తో (ఆ దూరంలో రేడియేషన్ ఎంతో చెప్పే అంకె) పోల్చు. సోర్స్ మార్చేది సప్లయర్ ఇంజినీరే, నువ్వు పక్కనుండు. తర్వాత వెల్ ఛాంబర్‌లో (సోర్స్ బలం కొలిచే పరికరం) స్ట్రెంత్ కొలిచి సర్టిఫికెట్‌తో సరిచూడు, అది కలవకుండా ఒక్క పేషెంట్‌ని కూడా మెషిన్ మీద పడుకోబెట్టకు. సోర్స్ అందినట్టు ఈ-లోరాలో ఎంట్రీ ఆరోజే చేసెయ్.