మిల్ హాని సూత్రం, దూబగుంట సారా ఉద్యమం: ఎమ్మే వ్యాసం ఎట్టా కట్టాలి?

కావలి_కుర్రోడు:
ఎమ్మే ఫిలాసఫీలో నీతిశాస్త్రం, రాజనీతి తత్త్వం కలిపిన పేపరుకి 2500 పదాల వ్యాసం రాయాలి. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించిన సంగతిని ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ రాసిన 'ఆన్ లిబర్టీ' (1859) ముందు పెట్టి చూద్దామనుకున్నా. ఇతరులకి హాని జరక్కుండా ఆపడానికి తప్ప ఎవరి స్వేచ్ఛకీ అడ్డం పడకూడదన్నది ఆయన హాని సూత్రం. తాగుడు వల్ల సంసారం గుల్లవుతుంది, కాబట్టి ఇంట్లోవాళ్లకి హాని, కాబట్టి నిషేధం సబబే. రెండు పేజీల్లో అయిపోతోంది. ఇందులో ఇంకా వాదించాల్సింది ఏముందో చెప్పండన్నా.

పెన్నా_గట్టు:
తమ్ముడూ, నీ రెండో 'కాబట్టి'ని మిల్ ఒప్పుకోడు. నాలుగో అధ్యాయం మళ్లీ తియ్యి. తాగి పెళ్లాంబిడ్డల్ని పోషించలేని మనిషిని శిక్షించొచ్చు అంటాడు. అయితే ఆ శిక్ష బాధ్యత ఎగ్గొట్టినందుకు, తాగినందుకు కాదు. వాళ్లకి చెందాల్సిన డబ్బుని ఎంత మంచి పెట్టుబడిలో పెట్టినా తప్పు అంతే అని కూడా తేల్చి చెప్తాడు. అంటే కూలిడబ్బులు సారాకి పోసినా, రొయ్యల గుంటలో పెట్టినా, ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆయన లెక్కలో నేరం ఒకటే. హాని ఉందని చూపించినంత మాత్రాన సారా మీద నిషేధం రాదు. ఆ మధ్య ఉన్న ఖాళీయే నీ వ్యాసం.

దాన్ని పూడ్చే దారి అమ్మకం వైపు నుంచి ఉంది. మద్యనిషేధం కోరిన అప్పటి ఇంగ్లండు సంఘం, అమ్మకం సామాజిక చర్య కాబట్టి ఆపొచ్చు అంది. సామాజిక చర్యే, కానీ దెబ్బ తగిలేది కొనేవాడి స్వేచ్ఛకి అని మిల్ జవాబు. ఐదో అధ్యాయంలో మాత్రం ఇంకో మాట: జనం ఎక్కువ తాగితే అమ్మేవాళ్లకి లాభం, ఇది నిజమైన కీడు, అందుకని వాళ్లమీద ఆంక్షలు పెట్టొచ్చు. దూబగుంటకి పట్టు ఇక్కడ దొరుకుతుంది. 1992లో వాళ్లు తిరగబడింది అంగడి మీద. సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం జిల్లాలో పెట్టిన వేలంపాటల్నే ఆ ఉద్యమం అడ్డుకుంది. తాగుడు పెరిగితే కాంట్రాక్టరుకీ ఆదాయమే, పాట సొమ్ము వసూలు చేసుకునే ప్రభుత్వానికీ ఆదాయమే. ఆంక్ష పెట్టాల్సిన ప్రభుత్వమే లాభంలో వాటాదారు అయితే ఆంక్షలకి అర్థమేంటి? మిల్ ఈ ప్రశ్న వేసుకోలేదు. నువ్వు వెయ్యి.

ఒంగోలు_చదువరి:
పైన చెప్పింది సరైన దారి. కాకపోతే ఆ ఐదో అధ్యాయంలోనే మిల్ దీనికి అడ్డం పడతాడు. మందు దొరకడం కష్టం చేయడానికని అంగళ్ల సంఖ్య తగ్గించడం కూలిజనాన్ని పిల్లల్లాగా చూడటమే అంటాడు. దీన్ని దాటేసి రాస్తే దిద్దేవాళ్లు వెంటనే పట్టుకుంటారు. నీ వ్యాసంలో బలమైన అభ్యంతరం ఇదే కావాలి, 600 పదాలన్నా ఇవ్వు. జవాబుకి ఇంకో 600. మిల్ సిద్ధాంత పరిచయం 500 దాటనీయొద్దు. చాలామంది అక్కడే 1500 పోసి, వాదన దగ్గరికొచ్చేసరికి చోటు లేక చతికిలబడతారు.

ఏ నిషేధం గురించి రాస్తున్నావో మొదటి పేరాలోనే చెప్పు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా వచ్చింది సారా నిషేధం. 1995లో వచ్చింది సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలించారు. సారాకి సరిపోయిన వాదన రెండోదానికి సరిపోదు. సారా ఒక్కటే ఆపి ఖరీదైన మందు వదిలేస్తే, పేదవాడి తాగుడుకే సంకెళ్లా అన్న ప్రశ్న వేరే ఎదురవుతుంది.

ఇంకోటి. తనని తాను బానిసగా అమ్ముకునే స్వేచ్ఛ ఎవరికీ లేదన్న మిల్ మాటని తాగుడు వ్యసనానికి అతికిస్తుంటారు. అతికించొచ్చు, కానీ ఆయన ఆ పని చేయలేదు. 'ఇది నా పొడిగింపు' అని రాసి, ఎందుకు పొసుగుతుందో చూపించు.

కావలి_కుర్రోడు:
తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి? అది నేరుగా హానే గదా?

పెన్నా_గట్టు:
నేరుగా హానే. తాగిన మైకంలో ఒకసారి హింస చేసి శిక్షపడ్డవాడి మీద ప్రత్యేక ఆంక్ష పెట్టొచ్చు, మళ్లీ తాగి దొరికితే జరిమానా వెయ్యొచ్చు అని ఐదో అధ్యాయం మొదట్లోనే ఉంది. కానీ అది ఆ ఒక్క మనిషికే వర్తిస్తుంది, ఊరందరికీ కాదు. పైగా ముందు శిక్ష పడాలి. ఇంట్లో దెబ్బలు పోలీసు స్టేషను దాకా పోని ఊళ్లో ఆ షరతు ఎప్పటికి తీరుతుంది? ఆ ఆడవాళ్లు ఒక్కో మొగుణ్ణీ కాకుండా అంగడినే ఎందుకు పట్టుకున్నారో ఇక్కడ వాదనగా నిలబెట్టొచ్చు. అభ్యంతరానికి నీ జవాబు ఇక్కడినుంచి మొదలుపెట్టు.

ఉటంకింపులకి పేజీ నంబర్లు ఇవ్వొద్దు, ఒక్కో ముద్రణలో ఒక్కోలా ఉంటాయి. అధ్యాయం, పేరా నంబరు ఇస్తే ఎవరైనా వెతుక్కోగలరు.